పసుపు కోటు వెనకాల

సెప్టెంబరు 2, మంగళవారం

బావ ఫోన్ చేశాడు.

"ఏమోయ్, పధ్నాలుగో తారీకు ఆదివారం పడింది. మళ్ళీ బళ్ళ మీద కొండ కనుమ దాటొద్దామా? మనిద్దరమే" అన్నాడు.

"చూద్దాంలే" అన్నాను.

మనిద్దరమే అట. ఇద్దరమే ఎందుకు? ఏడాదిగా నా మొహం చూసి నాలుగు మాటలు మాట్లాడనివాడికి ఉన్నట్టుండి ఇంత ప్రేమ ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చింది?

సెప్టెంబరు 3, బుధవారం

అందరికంటే ముందే ఆఫీసుకొచ్చి కూర్చున్నాను. ఉద్యోగంలో చేసే పనే ఈ డైరీలోనూ చేస్తాను. ఎక్కడైనా లిఫ్టు తెగి పడితే ఎవడి ఏడుపూ వినం. పైనుంచి కిందిదాకా జరిగింది జరిగినట్టు వరసగా రాసుకుంటాం. తప్పు ఏదో ఒక వరసలో దొరుకుతుంది. పదిహేనేళ్ళుగా లిఫ్టులు తనిఖీ చేస్తున్నాను, నాకు దొరకని తప్పు లేదు.

కాబట్టి వరసగా.

పోయినేడాది ఐదు బళ్ళ మీద వెళ్ళాం. అన్నిటికంటే ముందు లెక్కల మాష్టారు. రిటైరైనా ఆయనకి మనుషుల్ని వరసలో నిలబెట్టే జబ్బు పోలేదు. మా నియమాలన్నీ ఆయన పెట్టినవే. దారి చీలిన ప్రతిచోటా రెండో బండివాడు ఆగిపోవాలి. రోడ్డు అంచున, బండి పక్కన, అందరికీ కనపడేలా నిలబడి దారి చూపించాలి. అందరికంటే చివర వచ్చేవాడు పసుపు రంగు వానకోటు తొడుక్కుంటాడు. ఆ కోటు దాటిపోతే అందరూ వెళ్ళిపోయినట్టే, నిలబడ్డవాడు బండి తీయొచ్చు. ఏ కారణం చేతనైనా పసుపు కోటు వెనకాల ఇంకా ఎవరైనా మిగిలితే, కోటువాడు చెయ్యి రెండుసార్లు వెనక్కి చూపించాలి. చీలిక దగ్గర ఎవరూ నిలబడి లేకపోతే తిన్నగా పోవాలి. అంతే. పదేళ్ళు ఇలాగే తిరిగాం, ఒక్కడు తప్పిపోలేదు.

ఆ రోజు కనుమ దిగుతుంటే వడగళ్ళ వాన. టీ దుకాణం దగ్గర దారి చీలుతుంది. మేం ఎడమకి తిరగాలి. తిన్నగా పోతే పాత క్వారీ రోడ్డు. రెండో బండి నాది కాబట్టి నేను ఆగాను. రోడ్డు మీదే నిలబడ్డాను, వానలో. మాష్టారి అల్లుడు దాటాడు. తర్వాత పసుపు కోటు దాటింది. నేను బండి తీశాను.

కోటులో ఉన్నది బావ. నిజానికి చివరివాడు మా తమ్ముడు చిన్నోడు. బావ కోటు చిరిగిపోయి చలికి వణుకుతుంటే, వాడే జాలిపడి తన ఒంటి మీది పసుపు కోటు విప్పి ఇచ్చాడు. "రెండుసార్లు వెనక్కి చూపించు బావా, అన్నయ్య ఆగుతాడు" అని చెప్పి మరీ ఇచ్చాడు. తడిసిన గ్లవ్సు మార్చుకుని పది నిమిషాల తర్వాత చీలిక దగ్గరికొచ్చాడు. ఎవరూ లేరు. తిన్నగా పోయాడు. క్వారీ రోడ్డులో కల్వర్టు కొట్టుకుపోయి ఉంది. నాలుగు గంటలు బండి కింద పడి ఉన్నాడు. కుడి మోకాలు ఇక జన్మలో వంగదు.

ఆస్పత్రిలో వాడి మంచం పక్కన నేనే ముందు నోరు తెరిచాను. "నేను వానలో రోడ్డు మీదే నిలబడ్డాను. పసుపు కోటు దాటిపోయింది. సైగ చెయ్యలేదు" అన్నాను. బావ నా వంక చూశాడు. చాలాసేపు చూశాడు. అప్పుడన్నాడు, "ఔను. చెయ్యలేదు. తప్పు నాదే" అని.

నా అనుమానమంతా ఇక్కడే. నిజం ఒప్పుకోవడానికి అంతసేపు ఎందుకు పట్టింది? అయినా ఒక్కసారి అడగ్గానే తప్పు నాదే అన్న మెకానిక్కుని నేనింతవరకూ చూడలేదు. చిన్న తప్పు ఒప్పుకున్నవాడు పెద్దదేదో కడుపులో దాచుకుని ఉంటాడు. తాగి ఉన్నాడేమో. బేకరీ నడిపేవాడు, కేకుల్లో పోసే రమ్ము అల్మారాలో ఎప్పుడూ ఉంటుంది.

సెప్టెంబరు 4, గురువారం

చిన్నోడికి స్నానం చేయించాను. ఒక స్టూలు మీద వాడు, ఇంకో స్టూలు మీద చాచిపెట్టిన కాలు, మధ్యలో ఇరుక్కుని నేను, బకెట్. మా బాత్రూము కట్టినవాడెవడో గానీ మనుషులు స్నానం చేస్తారని వాడికెవరూ చెప్పినట్టు లేదు.

నిచ్చెన మీద నిలబడి మేడంత అక్షరాలు రాసినవాడు మా చిన్నోడు. ఇప్పుడు భోజనాల బల్ల మీద జానెడు నేమ్‌ప్లేట్లు రాస్తున్నాడు. లిఫ్టులు తనిఖీ చేసేవాడి ఇంటికి లిఫ్టు లేదు, మూడో అంతస్తు. అక్కావాళ్ళ బేకరీ వెనక గది ఖాళీగా ఉంది, ఒక్క మెట్టు కూడా ఎక్కక్కర్లేదు. అక్క ఎన్నిసార్లు రమ్మన్నా వీడు వెళ్ళడు. చివరిసారి అక్క బన్నుల పొట్లం పట్టుకుని గుమ్మంలో నిలబడితే గోడవైపు తిరిగి పడుకున్నాడు. "ఆయన పిసికిన పిండి నాకొద్దు" అన్నాడు. అక్క ఏడుస్తూ మెట్లు దిగింది. మళ్ళీ రాలేదు. వీడు బావతో మాట్లాడి ఏడాదైంది.

"బావ రమ్మంటున్నాడు, కొండకి" అన్నాను తల తుడుస్తూ.

తువ్వాలు మొహం మీంచి తియ్యలేదు. "వెళ్ళు. చెయ్యి ఎత్తడానికి అంత బరువైందా అని అడిగిరా."

"అడుగుతాలే."

"ఆ రోజు మొత్తంలో చెయ్యాల్సిన పని చేసింది నువ్వొక్కడివే అన్నయ్యా."

తువ్వాలు తీసుకెళ్ళి ఆరేశాను.

సెప్టెంబరు 6, శనివారం

అక్క ఆఫీసుకి ఫోన్ చేసింది.

"ఒరేయ్, మీ బావ పిలిచాడటగా. వెళ్ళరా."

"నీకెందుకంత తొందర?"

"తొందర కాదురా. మనిషి ఏదో మింగి కూర్చున్నాడు. ఆ పసుపు కోటు ఉతికి, మడిచి, పిండి బస్తాల గదిలో దాచాడు. దరిద్రం, పారేద్దామంటే ఒప్పుకోడు. ఏమిటయ్యా నీ బాధ అంటే, 'మీ తమ్ముడికి గుర్తొస్తే వాడే చెప్తాడు' అంటాడు."

"ఏ తమ్ముడికి?"

"అదీ చెప్పడు."

చిన్నోడికే అయ్యుంటుంది. అంటే వాడు మర్చిపోయినదేదో ఉంది, అది గుర్తొస్తుందేమోనని ఈయనకి భయం. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే.

సెప్టెంబరు 9, మంగళవారం

అక్కావాళ్ళ బిస్కెట్ల డబ్బా తిరిగిచ్చే వంకతో బేకరీకి వెళ్ళాను. బావ మోచేతుల దాకా పిండిలో ఉన్నాడు. కేకుల అల్మారా వైపు ఓ కన్నేశాను. రమ్ము సీసా ఉంది. మూత మీద దుమ్ము. తుడవకుండా వదిలేశాడో, కావాలని దుమ్ము ఉంచాడో.

"వస్తున్నావుగా?" అన్నాడు.

"వస్తాను."

"ఆ రోజు నీకు బాగా గుర్తుందా?"

"ఎందుకు లేదు? రోడ్డు మీద నిలబడ్డాను, వానలో."

"వానలో" అన్నాడు. పిండిని ఇంకో గుద్దు గుద్దాడు. "సరేలే."

ఏమిటా సరేలే? నన్నే పరీక్షిస్తున్నాడా? మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కినట్టుంది వరస.

సెప్టెంబరు 13, శనివారం

చెయిన్‌కి నూనె వేశాను. బ్రేకులు సరే. టైర్లలో గాలి సరే. డైరీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి ట్యాంకు మీది సంచిలో వేశాను. ఆగినచోటల్లా రాస్తాను, ఆయన అన్న ప్రతిమాటా.

టీ దుకాణం దగ్గర ఆగక్కర్లేదు. అక్కడ మనకి పనేమీ లేదు.

సెప్టెంబరు 14, ఆదివారం

పొద్దున ఆరున్నర. పెట్రోలు బంకు.

బావ నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. తన పెళ్ళికే ముహూర్తం దాటాక వచ్చిన మనిషి. పైగా పసుపు కోటు చుట్ట చుట్టి వెనక సీటుకి కట్టుకొచ్చాడు.

"ఆకాశం అద్దంలా ఉంటే కోటెందుకు?" అన్నాను.

"కొండ మీది ఆకాశాన్నీ, బావమరిది మంచితనాన్నీ నమ్మకూడదోయ్" అన్నాడు నవ్వుతూ. నేను నవ్వలేదు. హెల్మెట్‌లో ఉన్నాను కాబట్టి ఆయనకి తెలియలేదు.

తొమ్మిదిన్నర. లోయ కనపడే పెద్ద రాయి దగ్గర.

ఉన్నమాట రాసుకోవాలి. మొదటి గంట అన్నీ మర్చిపోయాను. ఊరు దాటగానే రోడ్డు ఎక్కడం మొదలైంది. రెండువైపులా ఎత్తైన చెట్లు, వాటి సందుల్లోంచి ఎండ పట్టీలు పట్టీలుగా రోడ్డు మీద పడుతోంది. వెలుగులోకి, నీడలోకి, మళ్ళీ వెలుగులోకి. నీడలో దూరినప్పుడల్లా ఒళ్ళు జిల్లుమంటుంది. రాతిగోడ పక్కగా పోతుంటే మన బండి చప్పుడే మన మీదికి తిరిగొస్తుంది. ఒకచోట నీళ్ళు రోడ్డుకి అడ్డంగా జారిపోతుంటే కాళ్ళు పైకెత్తి దాటాను. చిన్నపిల్లాడిలా కేక కూడా వేశాను. ఏడాదైంది ఈ హ్యాండిల్ ఇలా పట్టుకుని.

ఇప్పుడు కింద లోయ నిండా మబ్బు, గిన్నెలో పొంగి ఆగిన పాలలాగ. మేం పైన ఎండలో ఉన్నాం. చిన్నోడు ఉంటే ఈ రాయి మీద నిలబడి నోటికొచ్చిన పాట పాడేవాడు. అది గుర్తు రాగానే సరదా అంతా పోయింది, ఆనందపడ్డందుకు సిగ్గేసింది.

బావ ఫ్లాస్కు తీశాడు. పోస్తుంటే దగ్గరికెళ్ళి వాసన చూశాను. ఉత్త కాఫీ. నిరాశపడ్డాను, ఇక్కడ దాచుకోవడమెందుకు.

"ఏం బావమరిదీ, విషం కలిపానేమోనని చూస్తున్నావా?"

"చక్కెర వేశావో లేదోనని."

పదకొండున్నర. ఏ ఊరూ కాని చోట, బస్సు షెల్టరు.

పొగమంచు కమ్మేసింది. ముందున్న తెల్ల గీత తప్ప ఏమీ కనపడదు. హెల్మెట్ అద్దం మూస్తే ఆవిరి పడుతుంది, తెరిస్తే కళ్ళలోకి సూదుల్లా నీటిచుక్కలు. రెండో గేరులో పాకాం. బావ నన్ను ముందు పొమ్మన్నాడు. ఎందుకు? వెనక ఉండి ఏం చేద్దామని? నేను రోడ్డుకంటే అద్దంలోనే ఎక్కువ చూస్తూ నడిపాను, రెండుసార్లు అంచుదాకా పోయాను. రెండోసారి వెనక నుంచి హారన్ గట్టిగా మోగింది. ఆ హారన్ లేకపోతే లోయలో ఉండేవాణ్ణే. కాపాడాడని ఒప్పుకోవడానికి మనసు రావడం లేదు. కాపాడినవాడికి మన మీద ఏదో పని ఉంటుంది.

పన్నెండూ నలభై. కనుమ నెత్తిన.

పొగమంచు కింద ఉండిపోయింది. ఇక్కడ గాలి. బండి స్టాండు వేసినా నిలవడం లేదు, పట్టుకుని రాస్తున్నాను. కొండలన్నీ నల్లగా కడిగినట్టున్నాయి. పడమటి వైపు నుంచి వాన వస్తోంది. రావడం కనపడుతోంది, ఒక్కో కొండనీ దాచేస్తూ.

ఇక ఆగలేకపోయాను. "బావా, ఆ రోజు జరిగినట్టే మళ్ళీ ఒకసారి చేసి చూద్దాం. లిఫ్టు ఆగితే మేమిలాగే చేస్తాం. ఖాళీ పెట్టెని మళ్ళీ పంపించి చూస్తాం. నువ్వు పసుపు కోటు తొడుక్కుని రా, నేను చీలిక దగ్గర నిలబడతాను. చెయ్యి చూపించు. వానలోంచి నీ సైగ నాకు కనపడుతుందో లేదో తేలిపోతుంది" అన్నాను.

కనపడి తీరుతుంది. అప్పుడు అడుగుతాను, మరి ఆ రోజు ఎందుకు చెయ్యలేదని.

బావ మొహం పాలిపోయింది. "వద్దులేవోయ్" అన్నాడు.

"ఎందుకు వద్దు?"

"వద్దంటే వద్దు."

"భయమా?"

చాలాసేపు చూశాడు నన్ను. ఆస్పత్రిలో చూసినట్టే. "సరే. నువ్వే అడిగావు. కానీ ఆ రోజు జరిగినట్టే అంటే, ఆ రోజు జరిగినట్టే నిలబడు. పావుగంట ఆగి వస్తాను" అన్నాడు.

ఇవాళ తేలిపోతుంది.

మూడు గంటలు. టీ దుకాణం.

 

వరసగా రాస్తాను. చీలిక దగ్గర బండి ఆపి రోడ్డు అంచున నిలబడ్డాను. వాన అందుకుంది. గాలితో అడ్డంగా కొడుతోంది, మెడలోంచి లోపలికి, బూట్లలోకి. నాలుగు నిమిషాలు నిలబడ్డాను. ఐదేమో. తర్వాత నా కాళ్ళు వాటంతట అవే ఈ దుకాణం వైపు నడిచాయి. ఎటు పోవాలో వాటికి తెలుసు. మూలనున్న బల్ల, పొయ్యి పక్కన. వెచ్చగా ఉంటుంది.

దుకాణం పెద్దావిడ అడగకుండానే టీ తెచ్చింది. "నువ్వా బాబూ! మళ్ళీ అదే బల్ల. ఈసారైనా పూర్తిగా తాగి పో. పోయినేడాది సగం వదిలేసి పరిగెత్తావు."

"మీరెవర్నో చూసి నేననుకుంటున్నారు" అన్నాను.

"అయ్యో, మర్చిపోయే రోజా అది? మీవాడు పడింది ఆ రోజేగా. మర్నాడు ఆ పసుపు కోటాయన వచ్చాడు. మా బావమరిది ఎక్కడ కూర్చున్నాడు పెద్దమ్మా అని అడిగి, ఇదే బల్ల మీద కూర్చుని అరగంట బయటికి చూశాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఇన్నాళ్ళూ చెప్పలేదు. నీకు తెలిసిందే నీకు చెప్తే తప్పేముంది."

అప్పుడే బయట పసుపు రంగు కదిలింది. దుకాణం ముందు వానకి అడ్డంగా ప్లాస్టిక్ పట్టా కట్టి ఉంది. దాని మీంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఆ నీళ్ళలోంచి ఒక పసుపు మరక. అది ఆగిందో, నెమ్మదించిందో. చెయ్యీ లేదు, మనిషీ లేడు. రేకుల మీద వాన చప్పుడు తప్ప ఇంకేదీ వినపడలేదు. మరక ఎడమకి జరిగి పోయింది.

నా కుడిచెయ్యి గాల్లో ఉంది. కప్పుతో సహా. పో, పో అన్నట్టు. నేనెప్పుడు ఎత్తానో నాకే తెలియదు.

ఐదు నిమిషాలకి బావ తిరిగొచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు, కోటు మీంచి నీళ్ళు కారుతూ.

"నేనేం చేశాను?"

"దాటి వెళ్ళావు."

"ఇంకా?"

"ఇంకేం లేదు."

"బండి ఆపాను. రెండుసార్లు చెయ్యి వెనక్కి చూపించాను. హారన్ కొట్టాను. నువ్వు కప్పెత్తి పొమ్మన్నావు. ఆ రోజూ ఇంతే. నీకు అర్థమైందనుకుని పోయాను." కోటు విప్పి బల్ల మీద పెట్టాడు. "నా తప్పు లేదనను. దిగి లోపలికొచ్చి చెప్పాల్సింది."

"అబద్ధం" అన్నాను. ఆ మాట నా నోట్లోనే ఉంది, ఎప్పుడు ఎవరు ఏమన్నా బయటికి రావడానికి సిద్ధంగా.  పెద్దావిడ పొయ్యిలో కట్టె ఎగదోసింది.

"మరి ఆస్పత్రిలో ఎందుకు ఒప్పుకున్నావు?"

"నువ్వు రోడ్డు మీదే ఉన్నానన్నావు. వాడు మంచం మీద కళ్ళు తెరిచి వింటున్నాడు. కాదంటే ఏమవుతుందా అని ఆలోచించాను. వాడు నాతో మాట్లాడకపోతే ఏమవుతుంది? నాకు బేకరీ ఉంది, మీ అక్క ఉంది. నీతో మాట్లాడకపోతే వాణ్ణి బాత్రూముకి ఎవరు తీసుకెళ్తారు?"

కప్పుని పక్కకి జరిపాను.

"మరి ఇవాళెందుకు తీసుకొచ్చావు?"

"వాడు నన్ను దొంగని చూసినట్టు చూస్తాడు. చూడనీ, నేనే ఒప్పుకున్నాను. నువ్వు కూడా అలాగే చూస్తున్నావేమిటోయ్? తెలిసి చూస్తున్నావా, తెలియక చూస్తున్నావా? ఆ ఒక్కటీ తేల్చుకుందామని పిలిచాను. అంతే. వాడికి చెప్పమని కాదు."

 ఆయన బండి తుడుచుకోవడానికి బయటికెళ్ళాడు.

ఎవరూ చదవరు కాబట్టి ఇక్కడ రాస్తాను. టీ తాగానని నాకెప్పుడూ తెలుసు. ఒక్కరోజు కూడా మర్చిపోలేదు. రోడ్డు మీంచి ఎంత కనపడుతుందో బల్ల మీంచీ అంతే కనపడుతుంది, కాబట్టి అది అబద్ధం కాదు అనుకున్నాను. చూసి రావడానికి ఏడాది ఉంది. రాలేదు. లిఫ్టు తాడు చూడకుండా సంతకం పెట్టేవాణ్ణి మా ఆఫీసులో ఉద్యోగంలోంచి తీసేస్తారు.

టీ చల్లారిపోయింది. ఈసారీ సగమే తాగాను.

సాయంత్రం ఏడు. ఇల్లు.

దిగేటప్పుడు వాన ఆగింది. తడి రోడ్డు మీద ఎండ పడి ఆవిర్లు లేచాయి. కొండలన్నీ ఇంతకు ముందెప్పుడూ లేనంత దగ్గరగా, స్పష్టంగా కనపడ్డాయి. ప్రతి చీలిక దగ్గరా బావ ఆగి, రోడ్డు అంచున నిలబడి, నేను దాటాకే కదిలాడు. ఇద్దరమే ఉన్నా.

"అడిగావా?" అన్నాడు చిన్నోడు, గుమ్మంలో కాలు పెట్టకముందే.

"వాన" అన్నాను. "మాట్లాడుకోవడం కుదర్లేదు."

సెప్టెంబరు 15, సోమవారం

చెప్పలేదు. వాడికి ఒంట్లో బాగాలేనట్టుంది.

సెప్టెంబరు 16, మంగళవారం

వాడికి ఒంట్లో బాగానే ఉంది. చెప్పలేదు.

బావ చెప్పింది నిజమేనని ఏమిటి సాక్ష్యం? పెద్దావిడకి ముందే చెప్పి ఉంచాడేమో. హారన్ కొట్టానంటాడు, ఎవరు విన్నారు?

పైన రాసింది ఇప్పుడే చదువుకున్నాను. ఛీ.

సెప్టెంబరు 18, గురువారం

ఇవాళ ఒక పన్నెండంతస్తుల మేడ. లిఫ్టు పెట్టె పైకప్పెక్కి తాళ్ళు ఒక్కొక్కటీ వేళ్ళతో తడిమాను. మూడో తాడులో పోగులు లేచి ఉన్నాయి, కింద నుంచి చూస్తే తెలియదు. "సంతృప్తికరం అని రాసెయ్యండి సార్, వచ్చే నెల మార్పిస్తాం" అన్నాడు మేనేజరు. వాణ్ణి నానా మాటలూ అన్నాను. మనుషులు ఎక్కేది రా దీంట్లో, నమ్మి ఎక్కేది, అని అరిచాను. వాడు బిత్తరపోయి చూశాడు. కిందికొచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయాను. తిట్టింది వాణ్ణి కాదు.

నిజం చెప్తే చిన్నోడు నన్ను అసహ్యించుకుంటాడు. చెప్పకపోతే బావని అసహ్యించుకుంటూనే ఉంటాడు, ఈ మూడో అంతస్తులోనే, నా చేత స్నానం చేయించుకుంటూ, నువ్వొక్కడివే అన్నయ్యా అంటూ. నాకు ఆ మాట తియ్యగానే ఉంది ఇన్నాళ్ళూ. అదీ రాసుకోవాలి.

సెప్టెంబరు 20, శనివారం

చెప్పాను.

వీపు రుద్దుతూ చెప్పాను, మొహం కనపడకుండా. అంత ధైర్యవంతుణ్ణి. నేను రోడ్డు మీద లేను, దుకాణంలో ఉన్నాను, బావ చెయ్యి చూపించాడు, రెండుసార్లు చూపించాడు, నేను చూడలేదు, ఆస్పత్రిలో నేను చెప్పింది అబద్ధం.

వాడు కదల్లేదు. చెంబులోంచి నీళ్ళు నా కాళ్ళ మీద కారిపోతున్నాయి. ఎంతసేపో.

"టీ వేడిగా ఉందా అన్నయ్యా?"

"ఊ."

"నాకు ఆ నాలుగు గంటలూ చలేసింది" అన్నాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది.

తర్వాత, "బావ ఏడాది పాటు నోరెత్తలేదా?" అన్నాడు.

"ఎత్తలేదు."

"అక్కని గుమ్మంలోంచి పంపించేశాను కదా నేను" అన్నాడు. అప్పుడు ఏడ్చాడు. భుజం మీద చెయ్యి వెయ్యబోతే పక్కకి జరిగాడు.

ఒళ్ళు తుడిచాక ఫోన్ అడిగాడు. ఇచ్చాను. "బావా" అన్నాడు. ఏడాదిలో మొదటిసారి. అవతల ఆయనేమన్నాడో వినపడలేదు. వీడు చాలాసేపు విన్నాడు. చివరికి "వచ్చి నన్ను తీసుకెళ్ళు" అన్నాడు.

సెప్టెంబరు 21, ఆదివారం

బావ బేకరీ వ్యాను తెచ్చాడు. ముందు సీట్లో అక్క. మేడ పైకి రాలేదు, కిందే కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది.

చిన్నోణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి చెరోవైపు పట్టుకుని మూడంతస్తులూ దింపాం. ప్రతి మలుపులోనూ కుర్చీ ఒరిగింది. వాడు బావ మెడ పట్టుకున్నాడు. నా మెడ పట్టుకోలేదు. నా వైపు చేత్తో కుర్చీ కర్రనే పట్టుకున్నాడు, వేళ్ళు తెల్లబడేలా.

రంగు డబ్బాలు, కుంచెలు, రెండు సంచులు. స్నానం స్టూలు కూడా అడిగాడు. ఇచ్చాను. "వేడినీళ్ళు మరీ వేడిగా వద్దు, చర్మం పల్చబడింది" అని బావకి చెప్పబోయాను. "నాకు నోరుంది" అన్నాడు చిన్నోడు.

వ్యాను తలుపు వేశారు. అప్పుడే వాన మొదలైంది. అక్క "లోపలికి పోరా, తడుస్తావు" అంది. పోలేదు. వీధి చివర, రోడ్డు చీలే చోటుకి ముందే నడిచి వెళ్ళి, అంచున నిలబడ్డాను, అందరికీ కనపడేలా.

వ్యాను నా పక్క నుంచే పోయింది. చిన్నోడు అద్దంలోంచి ముందుకే చూస్తున్నాడు. నా వైపు తల తిప్పలేదు. ఎడమకి తిరిగారు. అప్పుడు బావ కిటికీలోంచి చెయ్యి బయటికి వచ్చింది, వానలోకి. వెనక్కి చూపించింది. మళ్ళీ ఇంకోసారి చూపించింది.

ఈసారి చూశాను.